నాడి పడిపోలేదు, నరమే దెబ్బతిన్నది

సందేహం: మా నాన్నగారికి థైరాయిడ్ గ్రంథికి శస్త్రచికిత్స జరిగాక గొంతు బొంగురుపోయింది. ‘రికరెంట్ లారింజియల్ నర్వ్’ దెబ్బతిన్నదని వైద్యులు కాగితం మీద రాసిచ్చారు. ఇంట్లోవాళ్లకు అర్థం కావాలని ‘పునరావృత కంఠనాడి దెబ్బతిన్నది’ అని తెలుగు చేసి చదివాను. వినీ వినగానే నానమ్మ ఏడుపు అందుకుంది. నా అనువాదంలో తప్పేమిటి? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ నానమ్మగారు ఏడవడంలో తప్పు లేదు. నాడి అనగానే ఆవిడ మనసు మణికట్టు దగ్గరికి పోయింది. నాడి చూడటం, నాడి అందకపోవడం, నాడి పడిపోవడం ఆవిడ ఎరిగిన మాటలు. కొడుక్కి నాడి దెబ్బతిన్నదంటే ఏ తల్లికైనా గుండె ఆగినంత పని అవుతుంది. మీరు మాత్రం బడిలో నేర్చిన మాట వాడారు. నాడీ వ్యవస్థ, 12 జతల కపాల నాడులు, 31 జతల వెన్ను నాడులు అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. పుస్తకంలో ఆ మాట సరైనదే. దాన్ని వంటింటి గుమ్మం దాకా తేవడంతోనే చిక్కు వచ్చింది. సంస్కృతంలో నాడి అంటే మొదట గొట్టం, బోలుగా ఉండే కాడ. ఈ నర్వ్ బోలుగా ఉండేది కాదు కనుక, పుస్తకాల మాట కూడా అంత అచ్చంగా అతకలేదన్న గొణుగుడు నాకు ఎప్పుడూ ఉంది.

ఇంట్లో చెప్పవలసిన మాట నరం. నరాల డాక్టరు అంటాం కానీ నాడుల డాక్టరు అనం కదా! అయితే నరానికీ ఒక సడలు ఉంది. సూది వేసేటప్పుడు ‘నరం దొరకడం లేదు’ అంటే అది సిర. మెడ తిప్పలేక ‘నరం పట్టేసింది’ అంటే అది చాలాసార్లు కండరమే. దీనికి మన భాషను నిందించనక్కర్లేదు. గ్రీకులో ‘న్యూరాన్’ అంటే మొదట స్నాయువు, వింటినారి. తమిళుల ‘నరంబు’ యాళ్ అనే వాద్యానికి కట్టే తీగ కూడా. సన్నగా, బిగువుగా కనిపించిన ప్రతిదానికీ అదే పేరు పెట్టుకున్న వాళ్లం మనమొక్కరమే కాదు.

అసలు జారుపాటు ‘పునరావృత’ దగ్గర ఉంది. సంస్కృతం ప్రకారం మిమ్మల్ని తప్పు పట్టలేను. గీతలో ‘పునరావర్తినోఽర్జున’ అన్నచోట అర్థం తిరిగి రావడమే. కానీ ఈనాటి తెలుగులో ‘ఇది పునరావృతమైతే ఊరుకోం’ అంటే మళ్లీ జరిగితే అని. దాంతో మీ వాక్యం విన్నవారికి జబ్బేదో తిరగబెట్టినట్టు తోస్తుంది. ఇక్కడ ‘రికరెంట్’ అంటే లాటిన్ మూలం ప్రకారం వెనక్కి పరుగెత్తేది అని. ఆ నరం దారి చూస్తే పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. మెదడు నుంచి బయలుదేరే 10వ కపాల నాడి పేరు వేగస్. వేగంతో దీనికి చుట్టరికం లేదు, లాటిన్‌లో వేగస్ అంటే తిరుగుబోతు. అది మెడలోంచి కిందికి దిగుతూ స్వరపేటికను దాటిపోతుంది. దాటాక గానీ ఈ కొమ్మను విడవదు. ఎడమవైపు కొమ్మ ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే బృహద్ధమని వంపు కిందుగా చుట్టి, పైకి మళ్లుతుంది. కుడివైపుది మెడ మొదట్లోనే, చేతికి పోయే ధమనిని చుట్టి వెనుదిరుగుతుంది. రెండూ శ్వాసనాళం పక్కగా, థైరాయిడ్ వెనుకగా ఎక్కి స్వరపేటికను చేరతాయి. జిరాఫీలోనూ ఇదే దారి. జానెడు దూరం పోవడానికి అది ఆ పొడుగు మెడంతా దిగి ఎక్కాలి. ఈ నరం థైరాయిడ్ వెనుకగానే పోతుంది కనుక, ఆ శస్త్రచికిత్సలో వైద్యులు దీని విషయంలో అంత జాగ్రత్త పడతారు. రెండో శతాబ్దంలో రోములో గాలెన్ అనే వైద్యుడు, అరుస్తున్న పందికి ఈ నరాలు కోసి, దాని అరుపు ఆగిపోవడం జనానికి చూపించాడు.

కనుక ‘వెనుమళ్లే నరం’ అనండి. సంస్కృతమే కావాలంటే ‘ప్రత్యావర్తి’ ఉంది, కానీ నానమ్మగారి ముందు వద్దు.

ఇక కంఠం. ‘లారింజియల్’ అంటే స్వరపేటికకు చెందినది, మీరు దాన్ని కంఠం చేశారు. నీలకంఠుడికీ కంఠస్థానికీ అది బాగుంటుంది. గొంతు నరం అనవచ్చా అంటే, గొంతు మరీ ఉదారమైన మాట. ముద్ద గొంతు దిగకపోతే అది మింగే దారి, గొంతు బాగుందంటే స్వరం, గొంతు కోశాడంటే మెడ. పైగా అక్కడి నరాలన్నీ ఒకటి కావు. వైద్యుడు పుల్లతో నాలుక వెనుక తాకితే డోకు వస్తుందే, ఆ స్పర్శను మెదడుకు చేరవేసేది ప్రధానంగా 9వ కపాల నాడి. పీకా, కుత్తుకా మరీ పనికిరావు. పీకల మీదికి రావడం, కుత్తుక కోయడం తప్ప వాటి చుట్టూ మంచి మాట ఒక్కటీ గుర్తురాదు, పాలపీకను మినహాయిస్తే.

ఇలా చదివి వినిపించండి: ‘స్వరపేటికను కదిలించే నరం ఒకటి ఉంది. అది కిందికి దిగి, వెనుమళ్లి, థైరాయిడ్ వెనుకగా పైకి వస్తుంది. దానికి దెబ్బ తగలడం వల్ల నాన్న గొంతు బొంగురుపోయింది. నాడి బాగానే కొట్టుకుంటోంది.’ చివరి వాక్యం కాగితంలో లేదు కదా అని వదిలేయకండి. నాన్నగారి మణికట్టు పట్టుకుని చూసి మరీ చదవండి.