డక్టులు, వాల్వులు, పంపుల పనికి ఓపెన్‌ఫోమ్‌కు మారవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీది చిన్న డిజైన్ టీమ్. పని ఎక్కువగా డక్టులు, వాల్వులు, అప్పుడప్పుడు సెంట్రిఫ్యూగల్ పంపులు. కమర్షియల్ సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ (ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించేది) లైసెన్స్ రెన్యువల్ దగ్గరపడుతోంది, అదే పని చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్‌కు మారిపోదామని మేనేజర్ అంటున్నారు. ఫలితాలను నమ్మవచ్చా, ఎంత కాలం పడుతుంది, కస్టమర్ ఒప్పుకుంటాడా అని అడిగారు.

నేనూ ఇలాంటి పనే చేసే టీమ్‌లో ఉన్నాను. మేం మారాం, ఇప్పుడు మా రోజువారీ పనంతా ఓపెన్‌ఫోమ్‌లోనే నడుస్తోంది. నా మాట ఏమిటంటే, మారండి. కానీ రెన్యువల్ తేదీని గడువుగా పెట్టుకుని మాత్రం మారొద్దు. వీలైతే పాత సాఫ్ట్‌వేర్‌కు ఒక్క సీటైనా (ఒకరు వాడుకునే లైసెన్స్) ఇంకో ఏడాది ఉంచుకోండి. లైసెన్స్ మీద మిగిలే డబ్బు మొదటి ఏడాది మీ చేతిలో ఉండదు, అది మీ ఇంజినీర్ల సమయంగా ఖర్చవుతుంది. ఈ సంగతి మేనేజర్‌కు ముందే చెప్పకపోతే మూడో నెలలో 'ఇంకా రిజల్ట్స్ రాలేదా' అన్న టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు అందరూ హడావుడిగా పాత పద్ధతికి వెళ్లిపోతారు, చేసిన శ్రమంతా వృథా.

నమ్మకం గురించి. ఓపెన్‌ఫోమ్ నిన్నమొన్న పుట్టింది కాదు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో 1980ల చివర్లో మొదలైన కోడ్ అది, 2004 డిసెంబర్‌లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైంది. లోపల ఉన్నది మీకు తెలిసిన ఫైనైట్ వాల్యూమ్ పద్ధతే (ప్రవాహాన్ని చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టి లెక్కించడం), కే-ఒమేగా ఎస్‌ఎస్‌టీ లాంటి మీకు అలవాటైన టర్బులెన్స్ మోడళ్లే (ప్రవాహంలోని సుడుల ప్రభావాన్ని అంచనా వేసేవి). అదే మెష్ (ఆ సెల్స్ అల్లిక), అదే మోడల్, అదే స్థాయి స్కీములు (లెక్కింపు సూత్రాలు) ఇస్తే సమాధానం కమర్షియల్ కోడ్‌కు దగ్గరగానే వస్తుంది. తేడా ఎక్కడంటే, మీరిప్పుడు వాడే సాఫ్ట్‌వేర్ చాలా జాగ్రత్తలు తనంతట తానే తీసుకుంటుంది, ఓపెన్‌ఫోమ్‌లో వాటిని మీరు తీసుకోవాలి.

ఉదాహరణకు యూనిట్లు. కొత్తగా వచ్చేవాళ్లందరికీ మేం మొదటి రోజే చూపించేది ఇదే. సింపుల్‌ఫోమ్ లాంటి ఇన్‌కంప్రెసిబుల్ సోల్వర్‌లో (సాంద్రత మారదనుకుని ప్రవాహాన్ని లెక్కించే ప్రోగ్రామ్) ప్రెషర్ ఫైల్ తెరిస్తే పైన [0 2 -2 0 0 0 0] అని ఉంటుంది. ఆ ఏడు అంకెల్లో మొదటిది ద్రవ్యరాశి, రెండోది పొడవు, మూడోది కాలం. ద్రవ్యరాశి దగ్గర సున్నా ఉందంటే అది పాస్కల్ కాదు, సాంద్రతతో భాగించిన ప్రెషర్. నీటి వాల్వ్‌లో ఇన్‌లెట్‌కూ అవుట్‌లెట్‌కూ మధ్య 20 తేడా కనిపిస్తే అసలు ప్రెషర్ డ్రాప్ 20 పాస్కల్ కాదు, 1000తో గుణించి 20,000 పాస్కల్, అంటే 0.2 బార్. నీటిలో తేడా వెయ్యి రెట్లు కాబట్టి వెంటనే పట్టుబడుతుంది. గాలిలో సాంద్రత దాదాపు 1.2 కాబట్టి తప్పు లెక్క కూడా నమ్మదగినట్టే కనిపిస్తుంది. డక్టుల పని చేసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది ఇక్కడే. ఫోర్సులు లెక్కించేటప్పుడు కూడా సాంద్రతను మీరే విడిగా ఇవ్వాలి.

ఇన్‌స్టలేషన్ గురించి ఎక్కువ ఆలోచించకండి. లైనక్స్ అయితే నేరుగా, విండోస్ అయితే డబ్ల్యూఎస్‌ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం), ఒక పూటలో అయిపోతుంది. కానీ ఏ ఓపెన్‌ఫోమ్ అన్నది మొదటిరోజే తేల్చుకోండి. ప్రధానంగా రెండు శాఖలున్నాయి. ఒకటి ఓపెన్‌ఫోమ్ ఫౌండేషన్‌ది, దాని వెర్షన్లు 10, 11, 12 అని సాగుతాయి. రెండోది ఓపెన్‌సీఎఫ్‌డీ కంపెనీది, దాని వెర్షన్లు వీ2312 తరహాలో ఉంటాయి, అంటే 2023 డిసెంబర్ విడుదల. పేరు ఒకటే అయినా ఏళ్లు గడిచేకొద్దీ రెండూ దూరమయ్యాయి. ఫౌండేషన్ 2023లో తెచ్చిన 11వ వెర్షన్ నుంచి సింపుల్‌ఫోమ్ లాంటి విడి సోల్వర్ల బదులు ఫోమ్‌రన్ అనే ఒకే ప్రోగ్రామ్ కింద మాడ్యూళ్లు పెట్టింది. పంపులో తిరిగే భాగాన్నీ స్థిరమైన భాగాన్నీ కలిపే పద్ధతి కూడా రెంటిలో వేరు. ఒక శాఖ ట్యుటోరియల్ తీసుకుని ఇంకో శాఖలో నడిపిస్తే మొదటి నిమిషంలోనే ఎర్రర్ వస్తుంది. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా నిరుత్సాహపడేది ఇలాంటప్పుడే, నిజానికి వాళ్లు చేసిన తప్పేమీ లేదు. మేం ఓపెన్‌సీఎఫ్‌డీ శాఖ ఎంచుకున్నాం, మీరు ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు. టీమ్ మొత్తానికి ఒకే శాఖ, ఒకే వెర్షన్ ఉండాలి, ప్రాజెక్టు మధ్యలో మార్చకూడదు.

ఇక అసలు కష్టం మెష్. మీ సమయంలో సగానికి పైగా ఇక్కడే పోతుందని ముందే అనుకోండి. ఓపెన్‌ఫోమ్‌తో వచ్చే స్నాపీహెక్స్‌మెష్ మెష్ తయారీకి మంచి పనిముట్టు, కానీ దానికి ఓపిక కావాలి. క్యాడ్ నుంచి వచ్చే ఎస్‌టీఎల్ ఫైల్ (వస్తువు ఉపరితలపు ఆకారం) సాధారణంగా మిల్లీమీటర్లలో ఉంటుంది, ఇది మాత్రం వాటిని మీటర్లుగానే చదువుతుంది. స్కేల్ చేయకపోతే మీ వాల్వ్ భవనమంత అవుతుంది. ద్రవం ఎటువైపు ఉందో చెప్పడానికి ఒక బిందువు ఇవ్వాలి. అది సరిగ్గా సెల్ ముఖం మీద పడితే చిక్కే, అందుకే మేం 0.01 లాంటి గుండ్రటి అంకె కాకుండా 0.0137 లాంటిది ఇస్తాం.

గోడల దగ్గర లేయర్ల (గోడను ఆనుకుని పేర్చే పలుచని సెల్స్ వరసల) సంగతి ఇంకా ముఖ్యం. మీరు ఐదు లేయర్లు అడుగుతారు, రన్ ఏ ఎర్రర్ లేకుండా ముగుస్తుంది. కానీ లాగ్ చివర ఒక పట్టిక ఉంటుంది, అందులో ఒక్కో ఉపరితలం మీద సగటున ఎన్ని లేయర్లు వచ్చాయో, అడిగిన మందంలో ఎంత శాతం దక్కిందో రాసి ఉంటుంది. వాల్వ్ సీటు దగ్గర, పదునైన మూలల దగ్గర ఆ సగటు రెండుకు పడిపోవడం మామూలే. ప్రెషర్ డ్రాప్‌ను తేల్చేది కూడా సరిగ్గా ఆ చోట్లే. ఆ పట్టిక చూడకుండా సోల్వర్ మొదలుపెట్టకూడదని మా టీమ్‌లో నియమం. వాల్ ఫంక్షన్లు (గోడ దగ్గరి ప్రవాహాన్ని సూత్రంతో అంచనా వేసేవి) వాడుతుంటే వై-ప్లస్ (గోడ నుంచి మొదటి సెల్ ఎంత దూరమో చెప్పే కొలత) 30 నుంచి 300 మధ్య ఉందో లేదో రన్ తర్వాత చూడండి. మెష్ నాణ్యతను పరీక్షించే చెక్‌మెష్ ఇచ్చే నాన్-ఆర్థొగొనాలిటీ (పక్కపక్క సెల్స్ మధ్య వంకర) 70 డిగ్రీలు దాటితే సోల్వర్ సెట్టింగులతో కుస్తీ పట్టకుండా మెష్ దగ్గరికే తిరిగి వెళ్లండి. మీ దగ్గర ఇప్పటికే మంచి మెషింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్ని వదులుకోవద్దు. ఫ్లూయెంట్ అనే కమర్షియల్ సాఫ్ట్‌వేర్ మెష్ ఫార్మాట్‌ను మార్చుకునే పనిముట్లు ఓపెన్‌ఫోమ్‌లోనే ఉన్నాయి. సోల్వర్ ఒక్కటే ముందు మార్చుకుని, మెషింగ్ తర్వాత మార్చుకోవడం చాలా టీములకు సులభమైన దారి.

సోల్వర్ సెట్టింగుల్లో ఒక్కటి చెబుతాను. రన్ పేలిపోతుంటే (అంకెలు అదుపు తప్పిపోతుంటే) వెలాసిటీకి అప్‌విండ్ స్కీమ్ పెట్టమని సలహా వస్తుంది. మొదట్లో నిలదొక్కుకోవడానికి అది సరే. కానీ అది మొదటి ఆర్డర్ స్కీమ్, ప్రవాహంలోని పదునైన మార్పులన్నింటినీ చెదరగొడుతుంది, ప్రవాహం గోడ నుంచి ఎక్కడ విడిపోతుందో తప్పుగా చూపిస్తుంది. కొంత కన్వర్జ్ అయ్యాక (లెక్క నిలకడకు వచ్చాక) రెండో ఆర్డర్ స్కీమ్ లీనియర్‌అప్‌విండ్‌కు మార్చి మళ్లీ నడిపించాలి. రిపోర్టులోకి వెళ్లే అంకె రెండోదే కావాలి. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) ఒకచోట ఆగిపోయినా కంగారు పడకండి. ఇన్‌లెట్, అవుట్‌లెట్ మధ్య ప్రెషర్ తేడాను ప్రతి ఇటరేషన్‌కూ రాయించి, అది నిలకడగా ఉందా లేదా చూడండి.

ఏ ఆప్షన్లు ఉన్నాయో తెలియనప్పుడు ఒక చిట్కా ఉంది. సెట్టింగ్ దగ్గర బనానా అని రాసి నడిపిస్తే, అలాంటిది లేదని చెప్పి, చెల్లుబాటయ్యే పేర్లన్నీ వరసగా చూపిస్తుంది. ఓపెన్‌ఫోమ్ వాడేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే ఇది, నేను ఇప్పటికీ వాడుతుంటాను.

మారాక నాకు అన్నిటికంటే నచ్చింది లైసెన్స్ ఖర్చు తగ్గడం కాదు. కేస్ మొత్తం టెక్స్ట్ ఫైళ్లే. సున్నా, కాన్‌స్టంట్, సిస్టమ్ అనే మూడు ఫోల్డర్లలో ప్రతి సెట్టింగూ కళ్లముందు ఉంటుంది. వాటిని గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) పెడితే ఎవరు, ఎప్పుడు, ఏ అంకె మార్చారో తెలిసిపోతుంది. ఒక డక్టును పది కోణాలతో నడిపించాలంటే చిన్న స్క్రిప్ట్ చాలు, ప్రతి కోర్‌కూ అదనపు లైసెన్స్ అడిగేవాళ్లు లేరు. డిజైన్ ఆప్షన్లు ఎక్కువగా పోల్చాల్సిన పని మీదైతే, రెండో ఏడాది నుంచి ఈ ఒక్క కారణానికే మీరు వెనక్కి చూడరు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ల్యాబ్ రీడింగులు మీ దగ్గర ఉన్న పాత ప్రాజెక్టు ఒకటి తీసుకోండి. మేం ఒక వాల్వ్‌తో మొదలుపెట్టాం, దానికి టెస్ట్ డేటా, పాత సాఫ్ట్‌వేర్ ఫలితాలు రెండూ ఉన్నాయి. దానికంటే ముందు, నేర్చుకునే వ్యక్తితో క్యావిటీ ప్రవాహం (పై మూత జరుగుతుంటే పెట్టెలో తిరిగే ప్రవాహం) చేయించి, 1982లో ఘియా బృందం ప్రచురించిన పట్టికలతో పోల్చమనండి. చిన్న లెక్కే, కానీ పోల్చి చూసే అలవాటు అక్కడే పడుతుంది. పంపును మొదటి కేస్‌గా పెట్టుకోవద్దు. దానికి వచ్చినప్పుడు కూడా ముందు ఎంఆర్‌ఎఫ్ పద్ధతిలో (మెష్‌ను తిప్పకుండానే తిరుగుతున్నట్టు లెక్కించడం) స్టెడీగా హెడ్ (పంపు ద్రవాన్ని ఎత్తగల ఎత్తు) లెక్కించండి, నిజంగా తిరిగే మెష్ తర్వాత. టీమ్‌లో ఒకరికి వేరే పని ఏదీ పెట్టకుండా ఈ పనే అప్పగిస్తే, డక్టులు, వాల్వుల వరకు మూడు నుంచి ఆరు నెలల్లో చేతికి వస్తుందని నా అంచనా. ఖాళీ దొరికినప్పుడు నేర్చుకోమంటే ఏడాదైనా అక్కడే ఉంటారు.

మేనేజర్ లీగల్ విషయం అడిగితే, ఓపెన్‌ఫోమ్‌ది జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్. లోపల వాడుకున్నంతవరకు, కోడ్ మార్చుకున్నా కూడా ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. మార్చిన ప్రోగ్రామ్‌ను బయటివాళ్లకు ఇస్తేనే దాని సోర్స్ కూడా ఇవ్వాలి. మీ జామెట్రీ, కేస్ ఫైళ్లు, ఫలితాలు మీవే.

చివరగా కస్టమర్. మా అనుభవంలో వాళ్లు అడిగేది సాఫ్ట్‌వేర్ పేరు కాదు, ఆధారం. మా ప్రతి రిపోర్టులో వెర్షన్ నంబరు, ప్రతి దిశలో కనీసం 1.3 రెట్ల తేడా ఉన్న మూడు మెష్‌ల మీద ప్రెషర్ డ్రాప్, వై-ప్లస్ చిత్రం, దగ్గరి జామెట్రీ ఒకదానికి టెస్ట్‌తో పోలిక తప్పకుండా ఉంటాయి. అడిగితే కేస్ ఫోల్డర్ కూడా పంపిస్తాం, వాళ్లు తమ మెషిన్ మీద నడిపించి చూసుకోవచ్చు. ఒక్క మినహాయింపు ఉంది. ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలని కాంట్రాక్టులో రాసి ఉన్న కస్టమర్లు కొందరుంటారు. రెన్యువల్ మానే ముందు మీ కాంట్రాక్టులన్నీ ఒకసారి తిరగేయండి. అలాంటివి ఉంటే ఆ ఒక్క సీటు వాళ్ల కోసమైనా ఉండాలి.