కుర్చీలు ఖాళీ అయ్యాక వచ్చిన వైరాగ్యం

ప్రశ్న: తాడిపత్రి దగ్గర పల్లె మాది. నాకు 58 ఏళ్లు. రెండుసార్లు సర్పంచ్‌గా చేశాను, మూడోసారి ఓడిపోయాను. ఇరవై ఎకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది, టౌన్‌లో ఇల్లుంది. ఇప్పుడు దేనిమీదా మనసు లేదు. అంతా ఒక ఆశ్రమానికి రాసిచ్చి అక్కడే ఉండిపోవాలనుంది. నా భార్య ఏడుస్తోంది. సుఖం ఆస్తి, అధికారాల్లో ఉందా, అన్నీ వదిలేయడంలో ఉందా?

జవాబు: పదవిలో ఉన్నప్పుడు పొద్దున్నే వసారాలో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేసినా చాలేవి కావని, ఇప్పుడవి ఒకదాంట్లో ఒకటి దూర్చి మూలన పెట్టారని రాశారు. అదే ఉత్తరంలో, ఆశ్రమంలో ఏసీ గది దొరుకుతుందేమో కనుక్కున్నానని కూడా రాశారు. నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి.

కాసేపే నిలిచే వైరాగ్యాలు శ్మశాన వైరాగ్యం, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని పెద్దలు మూడు చెప్పారు. మన సీమలో ఎలక్షన్ వైరాగ్యం అని నాలుగోది కలుపుకోవాలి. పదవిని మీరు వదల్లేదు, అదే మిమ్మల్ని వదిలింది. ఆ కోపం చల్లారకముందే మిగతావి విసిరికొడితే దాన్ని మా ఇళ్లల్లో అలక అంటారు. పైగా పదేళ్లలో సొంత తోటలో ఒక్క రాత్రి కూడా పడుకోలేదని మీరే రాశారు. మీకు తెలిసింది అధికారం రుచి ఒక్కటే. ఆస్తి సుఖం, త్యాగం సుఖం రెండూ మీకింకా తెలియవు. ఏది గొప్పదో నేనెలా తేల్చను?

కందిమల్లాయపల్లెలో జీవసమాధి అయిన బ్రహ్మంగారు గోవిందమ్మతో కాపురం చేసినవారే, పిల్లలున్నవారే. మఠం దూరమేమీ కాదు, ఒకసారి వెళ్లి రండి.

ఆస్తి రాసివ్వడం మాత్రం తొందరపడి చేసే పని కాదు. తోట తాతల నాటిదైతే మొత్తం మీరొక్కరే రాసివ్వలేరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. మీ స్వార్జితమైనా సరే, గిఫ్ట్ డీడ్ రిజిస్టరయ్యాక మనసు మారిందంటే తిరిగిరాదు. ఇంకో మాట, 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం భర్త సన్యాసం పుచ్చుకుంటే భార్య విడాకులు అడగొచ్చు.

'దేనిమీదా మనసు లేదు' అన్న మాటే నన్ను టెన్షన్ పెట్టింది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తగ్గి ఉంటే అది వైరాగ్యమో డిప్రెషనో డాక్టరే చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

చీనీ చెట్లను బెట్టకు పెట్టడం గురించి మీకు నేను చెప్పాలా? నీళ్లు ఆపితే ఆకు వాడుతుంది, మళ్లీ తడి ఇస్తే పూత పడుతుంది. బెట్ట మితిమీరితే కొమ్మలే ఎండుతాయి. మీరూ ఒక నలభై రోజులు ఆశ్రమంలో ఉండి చూడండి. మామూలు గదిలో, మాజీ సర్పంచ్‌నని ఎవరికీ చెప్పకుండా. సంతకాలు మాత్రం ఏవీ వద్దు.

అంతకంటే ముందు ఆ మూలనున్న కుర్చీల్లో రెండు బయటికి తీయండి. మూడు పేజీల ఉత్తరంలో మీ ఆవిడ గురించి ఉన్నది 'ఏడుస్తోంది' అన్న ఒక్క ముక్కే. ఎందుకో ఆమెను కూర్చోబెట్టి అడిగి, నాకు మళ్లీ రాయండి.