పాత పికప్ ముందు భాగం దిగిపోయింది, టార్షన్ బార్ బోల్టు తిప్పి లేపుకోవచ్చా?

లేపుకోవచ్చు. టార్షన్ బార్ అంటే మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ, దానికి ఆ బోల్టు ఇచ్చిందే ఎత్తు సరిచేసుకోవడానికి. కాకపోతే దాని మీద చెయ్యి వేసే ముందు ఒకసారి బండి వెనక్కి వెళ్లి కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు ప్లేట్ల స్ప్రింగులు, చూడండి. ముందు దిగిందని షెడ్డుకి వచ్చే బండ్లలో సగానికి సగం రోగం వెనకే ఉంటుందని నా గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

మాది విజయవాడ దగ్గర నున్న. ఎండాకాలం వస్తే మామిడికాయల ట్రేలు మోసే పికప్ ఒకటి మా ఇంట్లో ఉంది. కంపెనీ పేరు చెప్పను, చెబితే ఆ బండి అభిమానులు కింద కామెంట్లలో నన్ను వాయిస్తారు. ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. ఓ సీజన్లో ఖాళీగా నిలబెట్టినా ముందు ఎడమ పక్కకి ఒరిగి కనిపించడం మొదలైంది. విజయవాడ ఆటోనగర్‌ తీసుకెళ్తే ఒక కుర్ర మెకానిక్ కిందకి దూరి, జాకీ కూడా పెట్టకుండా ఎడమ బోల్టును నట్లు బిగించే గన్‌తో బిగించేశాడు. బయటికొచ్చి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసి, "లెవెల్ వచ్చేసింది అన్నా" అన్నాడు. టేపు ముట్టుకోలేదు. లారీకి బాడీ మొత్తం కట్టి పంపించే ఊళ్లో టేపు దొరకదా!

చూడ్డానికి బండి తిన్నగానే ఉంది. గుంటూరు వెళ్దామని హైవే ఎక్కాక అసలు సంగతి బయటపడింది. స్టీరింగ్ ఒక పక్కకి లాగుతోంది. గతుకు దాటిన ప్రతిసారీ ఎడమ చక్రం దగ్గర 'టక్' మంటోంది. కొన్నాళ్లకి ఆ టైరు బయటి అంచు నున్నగా అరిగిపోయింది.

అప్పుడు కమాన్ కట్టలు చేసే ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. "బాబాయ్, ముందు ఎడమ పక్క దిగింది" అని నేను చెబుతుంటే ఆయన నా మాట వినకుండా వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. అంతకుముందు కుడివైపు మెయిన్ ప్లేటు విరిగితే ఆ ఒక్క కట్టే కొత్తది వేయించాం, పైగా లోడుకి ఉంటుందని ఒక ప్లేటు ఎక్కువ పెట్టారు. ఎడమది పాత కట్టే. "మంచానికి కుడి పక్క వెనక కోడు కింద ఇటుక పెడితే బరువు ఏ కోడు మీద పడుతుంది అబ్బాయ్?" అన్నాడు. ఎదురు మూల మీద, అంటే ముందు ఎడమ మీద. రెండు కట్టలూ విప్పి ప్లేట్లు జత చేసి ఎక్కించాక, ఆ కుర్రాడు బిగించినదంతా మళ్లీ వదులు చేయాల్సి వచ్చింది.

చివరికి కొంచెం తేడా మిగిలితే అది మాత్రం బోల్టుతోనే సరిచేశాడు. ఆ పద్ధతి మీకు పనికొస్తుంది. బండి ఖాళీగా, చదునైన నేల మీద ఉండాలి, టైర్లలో గాలి సమానంగా ఉండాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా కొలవాలి, నేల నుంచి కాదు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. బోల్టు ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టుకుని, ఛాసిస్ కింద జాకీ వేసి చక్రం గాల్లో వేలాడాకే తిప్పాలి. బార్ మీద బరువుండగా తిప్పితే మరలు పోతాయి. కొంచెం తిప్పి, దించి, బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపి అప్పుడు కొలవాలి. దించిన వెంటనే కొలిస్తే ఎత్తు ఎక్కువ చూపిస్తుంది.

"బోల్టు బిగిస్తే బార్ గట్టిపడుతుంది, లోడు ఆగుతుంది" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. ఉత్తమాట. బార్ బలం దాని లావు, పొడవు, ఉక్కును బట్టి ఉంటుంది. బోల్టు మార్చేది బండి నిలబడే ఎత్తునే. మరీ ఎక్కువ లేపితే చక్రం కిందికి దిగడానికి చోటు తగ్గిపోయి చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ దాన్ని ఆపే స్టాపర్‌కి కొట్టుకుంటుంది, నేను చెప్పిన 'టక్' అదే. క్వాలిస్, టవేరాల ముందు కూడా టార్షన్ బార్లే, వాటికీ ఇదే వర్తిస్తుంది. బార్లు విప్పాల్సి వస్తే ఎడమది కుడికి వేయనివ్వకండి. వాటికి తయారీలోనే ఒక దిక్కుకి మెలిక అలవాటు చేస్తారు.

ఎత్తు మారితే టో (చక్రాలు ముందుకి చూసినప్పుడు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (చక్రం నిలువుగా కాకుండా పక్కకి ఒరగడం) మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ ఖర్చు కూడా ఇందులో కలుపుకోండి. అది చేసేవాళ్ల గురించి మొదలెడితే తెల్లారుతుంది. మేం వెళ్లిన చోట ఒక్క నట్టూ కదపకుండా రంగుల కాగితం ప్రింటు తీసి చేతిలో పెట్టారు. మీరు దగ్గరే నిలబడి టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) లాక్ నట్టు వదులు చేశారో లేదో చూడండి. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకోండి, రాత్రి పూట ఎదురొచ్చేవాడి కళ్లలోకి లైటు కొట్టే బండ్లు ఇప్పటికే హైవే నిండా ఉన్నాయి.

మీది ఒక పక్కే దిగిందా, రెండు పక్కలా దిగిందా? ప్రశ్నలో రాయలేదు. రెండు పక్కలా సమానంగా దిగితే వెనక కట్టలకి ఎవరైనా ప్లేట్లు పెంచారేమో చూసి చెప్పండి.