ముందు యూనివర్సిటీ చూసుకో, తరవాతే కాలేజీ

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. డి ఆంజాలో చేరనా, ఇంటి పక్కనున్న ఓలోనీలో చేరనా అని అడిగావు. రెండూ రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలే కదా, అలాంటి కాలేజీ అంటే నలుగురూ ఏమనుకుంటారోనని మీ నాన్న మథనపడుతున్నాడని కూడా రాశావు. వాడితో నేను మాట్లాడతాను, ఆ దిగులు నాకొదిలెయ్. 1960లో కాలిఫోర్నియా పై చదువులకు మాస్టర్ ప్లాన్ వేసినప్పుడే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాల్ స్టేట్‌కో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) మారే బాట వేసి పెట్టారు. ట్రాన్స్‌ఫర్ అడిగేవాళ్లలో ఈ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే యూసీ పెద్దపీట వేస్తుంది. చివర్న చేతికొచ్చే పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది.

ఇన్నేళ్లుగా కాలేజీ కౌన్సెలింగ్ ఆఫీసులో కూర్చుని నేను చూసింది ఒకటే. పిల్లలు కాలేజీ పేరు చూసి చేరతారు, యూనివర్సిటీ సంగతి రెండో ఏట ఆలోచిస్తారు. నువ్వు వెనకనుంచి రా. ఏ మేజరు, ఏ క్యాంపస్‌లు అన్నది ముందు రాసుకో. తరవాత ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకి సరిపోతుందో చూపించే అసిస్ట్ సైట్ తెరిచి ఒక వైపు ఓలోనీ, ఇంకో వైపు యూసీ డేవిస్ పెట్టి చూడు. డేవిస్ కంప్యూటర్ సైన్స్ అడిగే ప్రతి కోర్సుకీ ఎదురుగా ఓలోనీలో సరితూగే కోర్సు ఏదో కనిపిస్తుంది, లేకపోతే లేదనే ఉంటుంది. డి ఆంజాకీ అలాగే చూడు. అలా ‘లేదు’ అన్నవి తక్కువున్న కాలేజీయే నీది. ఒకే మేజరుకి క్యాంపస్ క్యాంపస్‌కీ అడిగేవి మారతాయి, కాబట్టి నువ్వనుకున్న ప్రతి క్యాంపస్‌కీ ఈ పని చెయ్యాల్సిందే. విసుగే, కానీ కావలసిన ఒక్క కోర్సు చెయ్యక ఏడాది ఆగిపోయిన పిల్లల్ని చూసినదాన్ని కనక ఇంతగా చెబుతున్నాను.

ఇంకో తేడా ఉంది. డి ఆంజాలో క్వార్టర్లు, ఓలోనీలో సెమిస్టర్లు. క్వార్టర్ అంటే 12 వారాలే, సర్దుకునేలోపే మిడ్‌టర్మ్ వచ్చి పడుతుంది. యూసీకి మారడానికి సెమిస్టర్ లెక్కలో 60 యూనిట్లు (కోర్సుల బరువు కొలిచే లెక్క), క్వార్టర్ లెక్కలో 90 కావాలి. కాలిక్యులస్, ఫిజిక్స్ లాంటి వరస కోర్సులు మొదలుపెట్టిన కాలేజీలోనే ముగించు. సగం ఇక్కడా సగం అక్కడా చదివితే క్వార్టర్ ముక్కా సెమిస్టర్ ముక్కా అతకవు. డి ఆంజా అయితే పొద్దున పూట 880 హైవే మీద కూపర్టినోకి వెళ్లిరావడం ఎంతసేపో కూడా లెక్కలో వేసుకో, ఆ గంటలు నీ చదువులోంచే పోతాయి.

డబ్బు సంగతి చెప్పక్కర్లేదు: కాలిఫోర్నియా వాసులకు సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు, 60 యూనిట్లకు 2,760. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరే.

టాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) గురించి విన్నావో లేదో. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీల్లో ఒకదానికి మాత్రం ముందే సీటు ఖాయం చేసుకోవచ్చు. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలకు ఆ హామీ లేదు. కంప్యూటర్ సైన్స్ లాంటి రద్దీ మేజర్లను కొన్ని క్యాంపస్‌లు టాగ్‌లోంచి తీసేశాయి, ఆ ఏటి జాబితా చూశాకే నమ్ము. టాగ్ దరఖాస్తు సెప్టెంబరులో, అసలు దరఖాస్తు ఆ తరవాతి అక్టోబరు, నవంబరుల్లో. రెండో ఏడు మొదలైన కొద్ది వారాలకే అన్నమాట. అంటే వాళ్ల ముందు పరిచేవి ముఖ్యంగా నీ మొదటి ఏటి గ్రేడులే. అందుకే తొలి టర్మ్‌లో గట్టి సబ్జెక్టులన్నీ ఒకేసారి నెత్తినెత్తుకోకు. మ్యాథ్స్ మాత్రం ఒక్క టర్మ్ కూడా వదలకు, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

ఈ వారంలో రెండు కాలేజీలకూ అసిస్ట్ కాగితాలు తీసి నాకు పంపు. ఆదివారం మీ నాన్నను కూడా కూర్చోబెట్టుకుని ముగ్గురం వరసగా చూద్దాం.

మీ అత్తయ్య