అటక మీదికి ఏం ఎక్కించాలి

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశావు. ఏ మూల చూసినా సామానేననీ, లాప్‌టాప్ పెట్టుకోవడానికి బల్ల మీద జానెడు చోటు లేదనీ, 20వ తేదీ సాయంత్రం జీఎస్టీ రిటర్న్ వేసే సమయానికి ఒక షాపు వాళ్ల బిల్లుల కవరు కనబడక టెన్షన్‌తో చెమటలు పట్టాయనీ చెప్పావు. అప్పటికేదో సర్దిచెప్పాను గానీ రాత్రంతా అదే ఆలోచన. ఇలాంటివి ఫోన్‌లో చెప్తే నిలవవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువుకో.

ముందు నిన్ను నువ్వు తిట్టుకోవడం మానెయ్యి. తెల్లవారుజామున లేచి ఇల్లు, పిల్లాడు, అత్తగారి మందులు, ఆ పైన ఇరవై షాపుల లెక్కలు చూసుకునే దానివి, నీకు బద్ధకమేమిటి? సామాను పేరుకునేది ఎలాగంటే, ఒక వస్తువు చేతిలోకి వచ్చినప్పుడు ఇది ఉంచాలా, ఎవరికన్నా ఇవ్వాలా, ఉంచితే ఎక్కడ పెట్టాలి అన్నది తేల్చం. "తర్వాత చూద్దాంలే" అని ఏ కుర్చీ మీదో పెడతాం. నీ హాల్లో కుర్చీ మీద ఉన్న గుట్ట అలా తేల్చకుండా వదిలేసిన పనుల గుట్టే. అటుగా వెళ్లినప్పుడల్లా అది నిన్ను పిలుస్తూనే ఉంటుంది, అందుకే ఏ పనీ చేయకముందే అలసటగా ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా రైసుమిల్లులో స్టోరు చూశాను కదా. చేరిన కొత్తలో జరిగిన సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మంచి సీజన్‌లో ఒక బేరింగ్ పోయింది. స్టోరంతా వెతికాం, దొరకలేదు. మనిషిని పంపించి కొత్తది తెప్పించేసరికి ఒకటిన్నర రోజు మిల్లు ఆగిపోయింది. హమాలీలు ఖాళీగా కూర్చున్నారు, ధాన్యం తెచ్చిన రైతులు రోడ్డు మీద పడిగాపులు పడ్డారు. వారం తర్వాత అరిగిపోయిన రబ్బరు రోలర్ల గుట్ట తీయిస్తుంటే, అడుగున అదే నంబరు బేరింగులు రెండు, విప్పని కాగితంతో ఉన్నాయి. పనికిరానిది పనికొచ్చేదాన్ని కప్పేసింది. ఆ రెండూ చేతిలో పట్టుకుని నిలబడ్డ క్షణం ఇప్పటికీ మర్చిపోలేదు. మీ ఇంట్లో కత్తెరలు నాలుగున్నాయి, కావాల్సినప్పుడు ఒక్కటీ దొరకదు అన్నావే, అదీ ఇదే జబ్బు.

ఆ తర్వాతే జపాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన 5ఎస్ పద్ధతి గురించి తెలుసుకున్నాను. అవి ఐదు జపాన్ మాటలు: సెయిరి, సెయిటోన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. అంటే అక్కర్లేనివి ఏరెయ్యడం, మిగిలినవి అమర్చడం, శుభ్రం చేయడం, అందరూ ఒకే పద్ధతిలో నడవడం, దాన్ని అలవాటుగా నిలుపుకోవడం. ఇందులో నాకు బాగా నచ్చింది వరస. ఏరడం మొదటిది, అమర్చడం రెండోది. మన ఇళ్లలో ఏరకుండానే అమర్చడం మొదలుపెడతాం. బజారుకెళ్లి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు పది కొనుక్కొచ్చి ఉన్న చెత్తంతా వాటిలో నింపుతాం. పిల్లి పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు సామాను గది నుంచి గదికి తిరుగుతుందే గాని తగ్గదు. కాబట్టి అమ్మడూ, ఏరడం పూర్తయ్యేదాకా ఒక్క డబ్బా, ఒక్క అర కూడా కొనొద్దు.

ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న దగ్గరే కదా మనసు ఆడదు. దానికి నాకు దారి చూపించింది 1986 ఆగస్టు గోదావరి వరద. దవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. అప్పటికి మీ అమ్మకి పెళ్లి కాలేదు. ఏటిగట్టుకి గండి పడిందని రాత్రి కేకలు వినిపించాయి. మీ అమ్మమ్మ లాంతరు పట్టుకుని ఒక్కొక్కటే చెప్పింది: బియ్యం బస్తా, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు సీసా, ఆవకాయ జాడీ, దుప్పట్లు, దస్తావేజులున్న ట్రంకుపెట్టె. తీరా నేను నిచ్చెనెక్కి చూస్తే అటక మీద చోటే లేదు. కాళ్లు విరిగిన కుర్చీలు, పాత ఫ్యాను రెక్కలు, చిల్లుపడ్డ కాగు, ఎవరివో తెలియని మంచం కోళ్లు. ఎప్పటికైనా పనికొస్తాయని మా నాన్న దాచినవి. వాటన్నిటినీ మోకాలి లోతు నీళ్లలోకి నాన్నే తన చేత్తో విసిరేసి, ఆ చోట బియ్యం ఎక్కించారు. ఆ ఆలస్యానికి రెండో బస్తా తడిసిపోయింది. నీళ్లు తీశాక ఒండ్రులో కూరుకుపోయిన ఆ కుర్చీల కోసం ఎవరూ వెతకలేదు.

మీ ఇల్లూ గట్టు పక్కనే. 2022 జూలైలో మీ చుట్టుపక్కల లంకల వాళ్లు ఎన్ని రోజులు పడవల మీద తిరిగారో నువ్వే చూశావు. అందుకని ప్రతి వస్తువునూ రెండు ప్రశ్నలు అడుగు. పోయిన సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా దీన్ని ఒక్కసారైనా వాడామా? గండి పడిందని కబురొస్తే దీన్ని అటక మీదికి ఎక్కిస్తానా? రెండిటికీ కాదు అని వస్తే అది ఇంట్లో ఉండక్కర్లేదు. గరిటెని ఎవరూ అటక ఎక్కించరు, కానీ రోజూ వాడతాం, ఉంటుంది. మీ మావగారి ఫోటో రోజూ వాడేది కాదు, కానీ ముందుగా ఎక్కించేది అదే. ఉంటుంది. ఇంకో మాట, మీ అటక సగం ఎప్పుడూ ఖాళీగానే ఉండాలి. ఊరు ఊరంతా నీళ్లలో ఉన్న రోజున ఆ ఖాళీయే మీ ఆస్తి.

ఎక్కడ మొదలుపెట్టాలి? పట్టుచీరల బీరువాతో వద్దు, ఫోటోలతో అసలే వద్దు. జ్ఞాపకాలున్న చోట చెయ్యి పెడితే రోజంతా అక్కడే కూర్చుంటావు, పని సాగదు. మందుల డబ్బా తీసుకో. తేదీ దాటినవాటి దగ్గర మనసు పీకదు, అరగంటలో అయిపోతుంది. తర్వాత వంటింట్లో ఒక్క అర. ఆ అరలోని సామానంతా కింద పాత దుప్పటి మీద పరిచెయ్యి. లోపలుంచే ఏరితే సగం కంటికి ఆనవు. ఉంచేవి, ఇచ్చేవి, తీసేసేవి అని మూడు కుప్పలు చెయ్యి. ఎటూ తేలనివి ఒక సంచిలో వేసి, మూతి కట్టి, ఆ రోజు తేదీ రాసి పెట్టు. ఆరు నెలల్లో సంచి విప్పే అవసరం రాకపోతే నీకు జవాబు దొరికినట్టే. రోజుకి ఒక్క అరే. ఆదివారం ఇల్లంతా తిరగేసి సాయంత్రానికి అన్నం వండే ఓపిక లేకుండా కూలబడ్డవాళ్లని చాలామందిని చూశాను.

చీరలకి చిన్న ఉపాయం. కట్టి ఉతికిన చీరని వరసలో కుడి చివర పెడుతూ ఉండు. ఏడాది తిరిగేసరికి ఎడమ వైపున కదలకుండా మిగిలినవే నువ్వు కట్టనివి. మెత్తబడ్డ నూలు చీరలు బొంతలకి పనికొస్తాయి. పట్టుచీరలు ఉంచుకునేవైతే అప్పుడప్పుడూ మడత మార్చు, ఒకే మడత మీద ఏళ్లు ఉంటే అక్కడే చిరుగుతాయి.

ఇప్పుడు అత్తగారి విషయం. ఆవిడ ప్లాస్టిక్ కవర్లూ, హార్లిక్స్ సీసాలూ, దారపు ముక్కలూ దాస్తున్నారని చిరాకు పడ్డావు. 1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లన్నీ పడిపోయి, పైకప్పు ఎగిరిపోయిన ఇంట్లో పిల్లల్ని కడుపులో పెట్టుకుని రాత్రి గడిపిన మనిషి ఆవిడ. మర్నాడు ఒక తాడు ముక్క, ఒక మూతున్న సీసా దొరకడం ఎంత పెద్ద సంగతో ఆవిడకి తెలుసు. ఆ భయం నీ లెక్చర్‌తో పోదు. ఆవిడ వస్తువు ఒక్కటి కూడా అడక్కుండా తియ్యకు. నువ్వు ఊరెళ్లినప్పుడు నీ పుస్తకాలు ఎవరన్నా తూకానికి వేసేస్తే ఎలా ఉంటుంది? ఆవిడకి ఒక బీరువా అర, ఒక పెట్టె పూర్తిగా వదిలెయ్యి. అందులో ఏముందో నీకు అనవసరం. సీసాల్లో మంచివి పన్నెండు ఆవిడనే ఏరమను. "అత్తయ్యా, ఊరగాయలకి ఏవి కావాలో మీరే తియ్యండి" అంటే ఆవిడే మిగతావి వదిలేస్తారు. ఇత్తడి గుండిగల జోలికి మాత్రం వెళ్లకు. స్టీలు సామాన్ల వాడు వచ్చి ఆశపెడతాడు, వాటి విలువ వాడికి బాగా తెలుసు.

అల్లుడికి నా మాటగా గట్టిగా చెప్పు. వసారాలో ఆక్వా చెరువు మేత బస్తాల పక్కనే బ్లీచింగ్, సున్నం, చెరువు మందులు పెట్టడం ప్రమాదం. బియ్యం డబ్బా ఉన్న గదిలో అవి ఉండనే కూడదు. బ్లీచింగ్ తడి తగలని, గాలి ఆడే చోట, యాసిడ్‌కి దూరంగా ఉండాలి. పిల్లాడున్న ఇల్లు. చెరువు దగ్గర చిన్న షెడ్డు వేసుకుని తాళం పెట్టుకోమను. మేత బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి జానెడు ఎడంగా పేర్చి, ముందొచ్చిన బస్తా ముందు వాడమను. మిల్లులో మేం చేసింది అదే.

నీ బల్ల దగ్గరికి వస్తాను. నీ పని కాగితాల పని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. బల్ల మీద ఆ పూట చేస్తున్న షాపు ఫైలు ఒక్కటే ఉండాలి. ఎడమ వైపు ఒక ట్రే, వచ్చినవి అందులో. కుడి వైపు ఇంకోటి, అయిపోయినవి అందులో. బిల్లుల కవరు ఇంట్లోకి రాగానే మంచం మీద, ఫ్రిజ్ మీద పెట్టకుండా నేరుగా ఎడమ ట్రేలోకి వెళ్లాలి. ఎవరు అందుకున్నా సరే, ఇంట్లో అందరికీ ఇదే నియమం. కవరు వచ్చిన రోజే షాపు పేరు, నెల, వచ్చిన తేదీ పైన రాయి. పని అయ్యాక అసలు కాగితాలు వాళ్లకే తిరిగిచ్చి సంతకం తీసుకో, ఊళ్లోవాళ్ల బిల్లులన్నిటికీ నీ ఇల్లు గోడౌన్ కానక్కర్లేదు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలని నువ్వే నాకు చెప్పావు. నీ దగ్గర ఉంచాల్సిన కట్టల మీద ఎప్పటిదాకా ఉంచాలో ఆ నెల, సంవత్సరం ఇప్పుడే రాసెయ్యి. గడువు దాటినవి ఏటా ఒకరోజు తీసెయ్యొచ్చు. పెట్రోలు బంకుల్లో, షాపుల్లో ఇచ్చే నున్నటి రసీదుల మీద అక్షరాలు కొన్నాళ్లకి మాసిపోతాయి, వాటిని రాగానే ఫోటో తీసుకో. కంప్యూటర్‌లో ఫైళ్లకి పేరు ముందు 2025-04 అని సంవత్సరం, నెల పెడితే వాటంతటవే వరసలో నిలబడతాయి.

కాగితాలు అట్టపెట్టెల్లో పెట్టకు. మన డెల్టా తేమకి అట్ట మెత్తబడుతుంది, చెదలకి అదే విందు. రేకుపెట్టె గాని మంచి ప్లాస్టిక్ పెట్టె గాని వాడు, బయటి గోడకి ఆనించకు. దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లాడి పుట్టిన సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ బాండ్లు, బ్యాంకు కాగితాలు నీళ్లు చొరని కవరులో వేసి ఒకే పెట్టెలో ఉంచు. ఆ పెట్టె ఎక్కడుందో ఇంట్లో పెద్దలందరికీ తెలియాలి. చీకట్లో కూడా చెయ్యి దాని మీదే పడాలి.

మిగిలిన సామానుకి చోటు ఎంచడం తేలిక. రోజూ వాడేవి నడుము నుంచి భుజం ఎత్తులో, వారానికోసారి వాడేవి కింద అరలో, పండక్కి తీసే కాగులు, బొమ్మల కొలువు బొమ్మలు పైన. ఎక్కడ వాడతామో అక్కడే ఉండాలి. కత్తెర ఒకటి వంటింట్లో, ఒకటి నీ బల్ల సొరుగులో, మిగిలిన రెండూ ఇచ్చెయ్యి.

తీసేసినవి ఎటు పంపాలన్నది కూడా మన పనే. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు గట్టు మీద నిలబడి చూశావా? నీళ్లు లేని కాలవలో సంచులు, సీసాలు, పరుపులు, సెలైను గొట్టాలు. ఆ కాలవ నీళ్లే మన మంచినీళ్ల చెరువుల్లోకి వస్తాయి, వాటినే మనం తాగుతాం. నాకు కడుపు రగిలిపోతుంది. తేదీ దాటిన మందులు, చెరువు మందుల డబ్బాలు, బ్యాటరీలు ఎట్టి పరిస్థితిలోనూ కాలవలో పడకూడదు. పాడైన ఫోన్లు, ఛార్జర్లు విడిగా కట్టి, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోటికి చేర్చు. భోగి మంటలో విరిగిన కర్ర సామాను వెయ్యి, ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, వైర్లు వెయ్యనివ్వకు, ఆ పొగ పీల్చేది పక్కనే నిలబడ్డ మన పిల్లలే.

ఇంత చేశాక నిలబెట్టుకోవడానికి రోజుకి పది నిమిషాలు చాలు. సాయంత్రం దీపాలు పెట్టే ముందు, పిల్లాడితో సహా అందరూ చేతికందిన వస్తువుని దాని చోటికి చేర్చాలి. వాడికి అప్పుడే ఎందుకులే అనుకోకు, వాడి చెప్పులు, వాడి బొమ్మలు వాడే సర్దుకోగలడు. కొత్త బకెట్ వస్తే పాతది ఆ రోజే వెళ్లిపోవాలి.

వచ్చే ఆదివారం ఉదయం బస్సుకి నేనూ మీ అత్తయ్యా వస్తున్నాం. మార్కర్ పెన్ను, సుతిలి తాడు, ఖాళీ గోనెలు నాలుగు తెస్తాను. అటక నేను చూసుకుంటాను, నిచ్చెన పట్టుకోమని అల్లుడికి చెప్పు. ఈలోగా మందుల డబ్బా ఒక్కటీ నువ్వు పూర్తిచేసి ఉంచు.

ఇట్లు,
మీ మావయ్య
పాలకొల్లు