కొట్టులో కూర్చోనంటున్న కొడుకు

ప్రశ్న: మాది బరంపురం. మా ఆయనకు బట్టల కొట్టు ఉంది. మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. భువనేశ్వర్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసి వచ్చేశాడు. కొట్టుకు రమ్మంటే రాడు. ‘నాకేం కావాలో నాకే తెలీట్లేదు, కొంచెం టైమ్ ఇవ్వండి’ అంటాడు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ‘అసలు మనం ఎక్కడివాళ్లం?’ అని అడుగుతాడు. తండ్రీకొడుకులకు మాటల్లేవు. వాడికేమైనా అయిందంటారా?

జవాబు: అమ్మా, ఆ వయసులో అలా అడగడం జబ్బు కాదు. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించాడు. ఒక్కో దశలో తేల్చుకోవాల్సిన పేచీ ఒకటి ఉంటుందన్నాడు. యవ్వనంలో అడుగుపెట్టేటప్పుడు అది ‘నేనెవరు?’ అన్నది. ఆయన కన్నతండ్రి ఎవరో ఆయనకే తెలియదు. డిగ్రీ లేదు, కుర్రతనంలో బొమ్మలు వేసుకుంటూ యూరప్‌లో తిరిగాడు. తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు.

1966లో జేమ్స్ మార్సియా అనే మరో మనస్తత్వవేత్త దీన్ని ఇంకాస్త విడమరిచాడు. వెతుక్కుని ఒక నిర్ణయానికొచ్చినవాళ్లు కొందరు, ఇంకా వెతుకుతున్నవాళ్లు కొందరు, వెతక్కుండానే పెద్దలు చెప్పింది ఒప్పేసుకున్నవాళ్లు కొందరు. వెతకాలన్న ధ్యాసే లేనివాళ్లు నాలుగో రకం. ఇంజనీరింగ్ ఎవరి కోరికో మీరు రాయలేదు. మీదే అయితే, మీవాడు మూడో రకం నుంచి బయటపడి ఇప్పుడు రెండోదాంట్లో ఉన్నట్టే. అది వెనకడుగు కాదు.

నాకు ఎక్కువ బెంగ మీ ఆయన గురించి. నడివయసు పేచీ వేరని ఎరిక్సనే చెప్పాడు: తర్వాతి తరానికి నేనేం అందిస్తున్నాను? మీ ఆయనకు దానికి జవాబు ఆ కొట్టే. అందుకే కొడుకు ‘వద్దు’ అంటే, ఇన్నేళ్లు తను పడ్డ కష్టాన్నే కాదన్నట్టు వినిపిస్తుంది. అబ్బాయి లేనప్పుడు ఆయనతో చెప్పండి, ‘వాడు వద్దన్నది కొట్టును, మిమ్మల్ని కాదు’ అని. మొదటి సరుకు అప్పు మీద ఎలా తెచ్చారో, పండగ బేరాల్లో ఎన్నింటికి ఇంటికొచ్చేవారో కొడుక్కి చెప్పమనండి. చివర్లో ‘అందుకే నువ్వూ...’ అనొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

‘ఎక్కడివాళ్లం’ అన్నదాన్ని కొట్టిపారేయకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం అటు కలిసింది. మీవాళ్లు అంతకుముందు నుంచీ ఉన్నారా, తర్వాత వచ్చారా? ఇంట్లో పెద్దవాళ్లుంటే వాడినే అడగనివ్వండి.

టైమ్ ఇవ్వండి, కానీ గడువు పెట్టి. ఆరు నెలలనుకోండి. ఈలోపు ఎక్కడో ఒకచోట పని చెయ్యాలి. మీ కొట్టులోనే అయితే మిగతా కుర్రాళ్లలాగే జీతానికి, వారసుడిగా కాదు.

ఒక్క జాగ్రత్త. నిద్ర, తిండి తగ్గినా, స్నేహితులను కూడా దూరం పెట్టినా ఆలస్యం చెయ్యకండి. మీ ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్యులుంటారు. బతకాలని లేదని ఒక్కసారి అన్నా సరే, వాడిని ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్లండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కాలేజీలో ఏమైనా జరిగిందా అని మీరే మెల్లగా అడగండి. వాళ్ల నాన్న ఎదుట వద్దు.