బిగించకముందే చూడు, చిన్నీ

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కారుకి స్పార్క్ ప్లగ్గులు నువ్వే మార్చుకుంటానన్నావట, అందుకోసం బిగుతు ఎంతో కొలిచే టార్క్ రెంచ్ కూడా కొన్నావట. వినగానే నాకెంత గర్వంగా అనిపించిందో! నా తర్వాత మన ఇంట్లో బానెట్ ఎత్తే మనిషి వచ్చిందని మీ పెద్దమ్మతో చెప్పుకుని మురిసిపోయాను. అంతలోనే మీ అమ్మ ఇంకో మాట అంది. తొందరగా అరగని ఇరీడియం లోహం మొన ఉన్న ప్లగ్గులు ఆన్‌లైన్‌లో ఎవరో సగం ధరకే ఇస్తున్నారని అక్కడ ఆర్డర్ పెట్టావట. ఇక నాకు కుదురు లేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

బిగించడం గురించి పెద్దగా చెప్పను. ఇంజన్ చల్లారాక విప్పు, గుంతలో దుమ్ము ముందే ఊదెయ్, కొత్తది చేత్తోనే చివరిదాకా తిప్పి ఆ తర్వాతే రెంచ్ పెట్టు. 14 మిల్లీమీటర్ల మరలున్న, వాషర్‌తో వచ్చే ప్లగ్‌కి అల్యూమినియం హెడ్‌లో సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగుతు చాలు. నీ కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే వేదం. మరలకి గ్రీజు పూయకు. ఇప్పటి ప్లగ్గులకి పూత ఉంటుంది, గ్రీజు పూస్తే రెంచ్ చూపించే దానికన్నా ఎక్కువ బిగుసుకుంటుంది.

నా భయమంతా ఆ డబ్బాలో ఏముందన్న దాని గురించే.

డూప్లికేట్ ప్లగ్ వేసిన రోజు ఏమీ చెప్పదు. బండి స్టార్టవుతుంది, ఐడ్లింగ్ నున్నగా ఉంటుంది, పికప్ కూడా పెరిగినట్టు అనిపిస్తుంది. ఎందుకంటే నువ్వు దాన్ని పోల్చేది అరిగిపోయిన పాత ప్లగ్‌తో. అరిగిన దాని పక్కన ఏ కొత్తదైనా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్ సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ వెయ్యాలి. ప్రతిసారీ వేల వోల్టుల కరెంటు మధ్య మొనకీ కింద వంగి ఉండే ఎలక్ట్రోడ్‌కీ మధ్యనున్న చిన్న సందులోంచే, అంటే గ్యాప్‌లోంచే, దూకాలి, పక్కనున్న పింగాణీని చీల్చుకుని పోకూడదు. ఇంజన్ లోపలికి ఉండే ప్లగ్ మూతి 450 డిగ్రీలకన్నా బాగా చల్లబడితే మసి పట్టేస్తుంది, 850 దాటి పైకి పోతే నిప్పురవ్వ పడకముందే పెట్రోలు దానంతట అదే అంటుకుంటుంది. ఆ మధ్యలోనే ఉండేలా పింగాణీ పొడవు, లోపలి రాగి కడ్డీ అన్నీ లెక్కగట్టి చేస్తారు. డూప్లికేట్ చేసేవాడు నంబర్ మాత్రమే అచ్చు వేస్తాడు. ఆ నంబర్‌కి తగిన వేడి లెక్క లోపల ఉందో లేదో కంటికి కనబడదు.

మీ నాన్న సంగతి చెప్తాను విను. నీకెప్పుడూ చెప్పి ఉండడు.

నువ్వప్పటికి చాలా చిన్నదానివి. బండికి ప్లగ్గులు మార్చే సమయం వచ్చింది. కంపెనీ డీలర్ దగ్గర కాకుండా తెలిసినవాళ్లెవరో చెప్పిన చోట, ఇరీడియం అని రాసి ఉన్న సెట్టు తక్కువలో వచ్చిందని తెచ్చి వేసుకున్నాడు. డబ్బా మెరిసిపోతోందట. మర్నాడే నాకు ఫోన్. "అన్నయ్యా, బండి కొత్తదానిలా పోతోంది" అన్నాడు. నేనూ సంతోషించాను.

కొన్ని వారాలకి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మిస్ కొట్టడం, అంటే మధ్యమధ్యలో పెట్రోలు మండకుండా తప్పిపోవడం, మొదలుపెట్టింది. మీ నాన్న ఎక్కడ పొరపాటు పడ్డాడో చూడు. ప్లగ్గులు కొత్తవి కాబట్టి తప్పు వాటిది కాదని తీర్మానించుకున్నాడు. పెట్రోలు బాగోలేదన్నాడు, బంకు మార్చాడు. ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. ఆ తర్వాత ప్లగ్గులకి ఎక్కువ వోల్టేజీ పంపే ఇగ్నిషన్ కాయిల్స్ ఒక్కోటీ మార్చాడు. కాయిల్ కొత్తది పడినప్పుడల్లా రెండు మూడు రోజులు బాగానే ఉన్నట్టుండేది, మళ్లీ మొదలు. మధ్యలో చెక్ ఇంజన్ లైటు మినుకుమినుకుమనేది, కాసేపటికి అదే ఆరిపోయేది. ఆరిపోయింది కదా అని నడిపేశాడు.

ఇక్కడ ఆగి ఒక విషయం మనసులో పెట్టుకో. ఆ లైటు నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని చూపించవచ్చు. మిస్ కొడుతూ లైటు మినుకుమంటుంటే మాత్రం, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోతోందని అర్థం. అది పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి అక్కడ మండుతుంది. లోపల ఉన్న సన్నటి గదుల దిమ్మ ఆ వేడికి కరిగి మూసుకుపోతుంది. మీ నాన్న బండికి జరిగింది అదే. పొగ పోవడానికి దారి లేక ఇంజన్ ఊపిరాడక చివరికి ఎంత తొక్కినా కదలడం లేదని నా దగ్గరికి లాగించుకుని వచ్చాడు.

ప్లగ్గులు విప్పాను. సూదిలా ఉండాల్సిన మధ్య మొన మొద్దుబారి గుండ్రంగా అయిపోయింది. ఇరీడియం కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి, నికెల్ 1,455 దగ్గరే కరుగుతుంది. అది ఇరీడియమే అయితే అన్ని వారాల్లో అలా అరగదు. గ్యాప్ బాగా పెరిగిపోయింది. పెరిగిన గ్యాప్ దూకించడానికే కాయిల్స్ మీద అంత భారం పడింది. ఒక ప్లగ్‌కి మూతి దగ్గర పింగాణీలో వెంట్రుకంత పగులు. ఆ ముక్క రాలి పిస్టన్ మీద పడి ఉంటే ఇంజనే పోయేది. ఒరిజినల్ ప్లగ్ ఒకటి తెచ్చి తెల్లకాగితం మీద వాటి పక్కన పెట్టాను. మీ నాన్న చాలాసేపు చూశాడు, ఏమీ మాట్లాడలేదు. కన్వర్టర్‌కి అయిన ఖర్చుతో ఒరిజినల్ సెట్లు ఎన్ని వచ్చేవో ఇద్దరికీ తెలుసు.

నేను ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకంటే బండి పూర్తిగా మొరాయించకముందు ఒక లారీని దాటుతుండగా ఇంజన్ తెగ మిస్ కొట్టి బండి సగంలో బలం కోల్పోయిందని, ఎదురుగా వస్తున్నవాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయిందని మీ అమ్మ అప్పటికే చెప్పేసింది. నువ్వు వెనక సీట్లో నిద్రపోతున్నావట. డబ్బు పోయినందుకు నేనెప్పుడూ బాధపడలేదు చిన్నీ. ఆ లారీ మాట తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ గుండె దడ వస్తుంది. నువ్వేమో హైవే మీద ఒక్కదానివే తిరిగే పిల్లవి. సగం ధర చూసి ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక్కసారి నన్ను అడగాలనిపించలేదా? సరే, కోప్పడను. ఎలా చూడాలో చెప్తాను.

ముందు అమ్మేవాడిని చూడు, తర్వాత ప్లగ్‌ని, డబ్బాని ఆఖరున. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. డబ్బాని అచ్చు కాపీ కొట్టడం చాలా తేలిక. అక్షరం తప్పో, రంగు పలచనో కనబడితే అది డూప్లికేటే అనుకో. కానీ డబ్బా చక్కగా ఉన్నంత మాత్రాన లోపలిది ఒరిజినల్ అనుకోకు. మరో మాట, పెద్ద కంపెనీలకి చాలా దేశాల్లో ఫ్యాక్టరీలుంటాయి. వేరే దేశం పేరు ఉందని ఒరిజినల్‌ని తిప్పి పంపకు. కంపెనీ వెబ్‌సైట్‌లో అధీకృత డీలర్ల పేర్లుంటే నువ్వు కొన్నచోటు అందులో ఉందో లేదో ముందు చూసుకో.

ఇక ప్లగ్. మంచి వెలుతురులో నాలుగూ పక్కపక్కన పెట్టు. ఒరిజినల్స్ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కింద వంగి ఉండే ఎలక్ట్రోడ్ మధ్య మొనకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, పక్కకి ఒరగకూడదు. దాన్ని అతికించిన చోట వెల్డింగ్ శుభ్రంగా ఉండాలి. మరలు నున్నగా ఉండాలి, వేలు పెడితే గరుకు తగలకూడదు. పింగాణీ మీద అక్షరాలు గోటితో గీకితే పోకూడదు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో వాషర్ మరల మీంచి సులువుగా ఊడిరాదు. వేళ్లతో తిప్పగానే చేతిలోకి వచ్చేస్తే అనుమానించు. ఇరీడియం అయితే మొనే అన్నీ చెబుతుంది. డెన్సో కంపెనీ ఇరీడియం పవర్ రకంలో మొన 0.4 మిల్లీమీటర్లే, ఎన్‌జీకే ఇరీడియం ఐఎక్స్‌లో 0.6. పెన్సిల్ ములుకులా లావుగా కనిపిస్తే అందులో ఇరీడియం లేదు. ఆ డెన్సో రకానికి కింది ఎలక్ట్రోడ్‌లో చిన్న గాడి కూడా ఉంటుంది, అదీ చూడు.

నీ దగ్గర మల్టీమీటర్ ఉంది కదా. పై కొస నుంచి మధ్య మొన దాకా కొలువు, మొన మీద గట్టిగా నొక్కకు. ఎన్‌జీకే నంబర్‌లో ఆర్ అనే అక్షరం ఉంటే లోపల కరెంటుని కొంత అడ్డుకునే రెసిస్టర్ ఉన్నట్టు, 5,000 ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. రెసిస్టర్ ఉందని రాసి సున్నా చూపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, తిప్పి పంపెయ్. నాలుగూ ఒకదానితో ఒకటి పొంతన లేని అంకెలు చూపించినా నమ్మకు. అయితే కొలత సరిపోయినంత మాత్రాన ఒరిజినల్ అని తేల్చెయ్యకు, మిగతావన్నీ కూడా కుదరాలి.

నంబర్ నీ కారు పుస్తకంతో కలుస్తుందో లేదో అక్షరం అక్షరం చూడు. ఎన్‌జీకే, డెన్సోల్లో వేడిని సూచించే అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లగా ఉంటుంది. బాష్, ఛాంపియన్లలో అది తిరగబడుతుంది. కాబట్టి కంపెనీ మార్చేటప్పుడు అంకె పోల్చుకుని కొనకు. ఇరీడియం మొన దగ్గర గ్యాప్ సరిచేస్తానని పనిముట్టు దూర్చకు, మొన విరుగుతుంది. కింద పడిన ప్లగ్ ఎంత బాగా కనిపించినా బండిలో వేయకు.

ఇప్పుడు బండిలో ఉన్నవి కారుతో వచ్చిన ఒరిజినల్సే కదా, విప్పాక పారెయ్యకు. పోల్చుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు. పింగాణీ మొదట్లో గోధుమరంగు చార కనిపిస్తే కంగారు పడకు, అది మామూలే. పని పూర్తయ్యాక పాత ప్లగ్గుల పింగాణీ సుత్తితో పగలగొట్టు, కొత్తవాటి డబ్బాలు చించెయ్. వాడిన ప్లగ్గులు కడిగి మెరుగుపెట్టి ఖాళీ డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్లున్నారు. బిల్లు మాత్రం దాచు.

నీ ఆర్డర్ వచ్చాక నాలుగు ప్లగ్గులూ వరసగా పెట్టి మొనల దగ్గరగా ఫోటోలు తీసి పంపు. మల్టీమీటర్ అంకెలు కూడా రాయి. నేను చూసి చెప్పేదాకా పాతవాటితోనే నడుపు, అరిగినా నిన్ను ఇల్లు చేరుస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే ఆదివారం వీడియో కాల్ పెట్టు. మొదటిది నువ్వు బిగిస్తుంటే చూడాలని ఉంది.

ప్రేమతో,
పెదనాన్న